రాణి యను మాటలో రెండు పదవులు

తరగతిలో చరిత్రపాఠము చెప్పుచుండగా ఒకనాడు 'పట్టమహిషి' యను పదము వచ్చినది. వెనుకబల్లపై కూర్చున్న బాలిక యొకతె కిలకిల నవ్వి, "అయ్యా, మహిషి అంటే ఎనుము గదా! రాజుగారి భార్యను ఎనుమని పిలుస్తారా?" అని యడిగినది. తరగతి యంతయు నవ్వినది. నేనును నవ్వితిని. మరునాడు ఆ బాలికయే లేచి రెండవ ప్రశ్న వేసినది: "రాజు భార్య రాణి. మరి రుద్రమదేవి రాజ్యం ఏలింది గదా, ఆమె భర్త ఏమౌతాడు? ఆయన రాజు కాదా?" ఈసారి ఎవ్వరును నవ్వలేదు.

మొదటి ప్రశ్నకు నిఘంటువు సమాధానము చెప్పగలదు. రెండవదానికి చరిత్రయే చెప్పవలయును. ఇట్టి ప్రశ్నలు బడిలో పుట్టినను ఇంటికి వచ్చి తల్లిదండ్రులను పట్టుకొనును గనుక, ఆ రెండు సమాధానములను ఇచ్చట విన్నవించుచున్నాను.

మహిషి, పట్టము

'మహిష' శబ్దమునకు వేదభాషలో గొప్పది, బలముగలది యని యర్థము. ఆ బలమును బట్టియే మృగమునకు ఆ పేరు వచ్చినది. ఆ గొప్పతనమును బట్టియే రాజు పెద్దభార్యకును వచ్చినది. పేరు ఒకటే యైనను ఒకదానినుండి మరియొకటి పుట్టలేదు. రాజసూయయాగమున రాజు 'రత్నులు' అనబడు ముఖ్యుల యిండ్లకు స్వయముగా పోయి హవిస్సు నర్పించుచుండెను. సేనాని, పురోహితుడు మొదలగువారితోపాటు మహిషియు ఆ రత్నులలో నొకతె. రాజునకు ప్రియమైన భార్యను 'వావాత' యనియు, ఆదరము కోల్పోయిన దానిని 'పరివృక్తి' యనియు పిలిచిరి. ఒకే యింటిలోని భార్యలకు ఇన్ని పేరులు! వీనిలో మహిషి యొక్కతెకే పదవి. తక్కినవి భర్త మనస్సు ననుసరించి మారు స్థితులు మాత్రమే.

'పట్ట' మనగా నుదుట కట్టెడు బంగారురేకు. 'పట్టము కట్టుట' యను మన పలుకుబడి దానినుండియే వచ్చినది. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఈ పట్టములకు కొలతలు చెప్పియున్నాడు. నడుమ వెడల్పు రాజునకు 8 అంగుళములు, రాణికి 7, యువరాజునకు 6, సేనాపతికి 4. రాజు పట్టమునకు 5 శిఖలు, రాణికిని యువరాజునకును మూడేసి, సేనాపతికి ఒకటి. అనగా దేశమేలు వానికి రాణి ఒక్క అంగుళము తక్కువ. రాజ్యమునకు రాబోవు వానికి ఒక్క అంగుళము ఎక్కువ. హోదా యనునది ఇట్లు కంటికి కనబడునట్లు, కొలబద్దకు అందునట్లు ఉండెను. తమిళమున 'పట్టత్తరశి' యన్నను తెలుగున 'పట్టపురాణి' యన్నను ఆ బంగారురేకు నొసట గల దేవి యనియే భావము. ఇంట తెలుగును, వీథిలో తమిళమును వినెడు మన బిడ్డలకు ఈ రెండు మాటలను పక్కపక్కన ఉంచి చూపినచో రెండును ఒక్కసారిగా పట్టుబడును.

మన సీమలోని సాక్ష్యములు

తిరువళ్ళూరునుండి అరక్కోణము పోవు రైలుదారిలో తిరువాలంగాడు కలదు. రాజేంద్రచోళుని ప్రసిద్ధ తామ్రశాసనములు దొరకిన దచ్చటనే. ఆ రేకులలో చోళరాజుల వంశావళితోపాటు రాణులమాటయు కలదు. సుందరచోళుడు గతింపగా అతని దేవియైన వానవన్ మహాదేవి భర్తను అనుసరించి ప్రాణము విడిచినదని అందు వర్ణింపబడినది. ఆమె రాజరాజచోళుని కన్నతల్లి. పొగడ్తగా వ్రాసిన ఆ మాటలను నేడు చదువునపుడు మనకు వేరొక సంగతి తోచును: భర్తవలన వచ్చిన పదవి భర్తతోడనే పోవుననుటకు ఇంతకంటె కఠినమైన నిదర్శనము వేరొకటి లేదు.

చోళశాసనములలో రాణులను 'నంపిరాట్టియార్', అనగా 'మా దొరసానిగారు', అని పేర్కొందురు. 'లోకమహాదేవి', 'ఉలగముళుదుడైయాళ్', అనగా లోకమంతయు తనదిగా గలది, వంటి బిరుదములును కలవు. లోకమంతయు ఆమెదే యని బిరుదము చెప్పును. ఆజ్ఞ మాత్రము రాజు పేరనే వెలువడును. అట్లని వారి స్థానము వట్టిదని తలపరాదు. రాజరాజచోళుని కుమార్తె కుందవ వేంగి విమలాదిత్యుని పెండ్లాడినది. వారి కుమారుడు, నన్నయభట్టును పోషించిన రాజరాజనరేంద్రుడు, రాజేంద్రచోళుని కుమార్తెయైన అమ్మంగదేవిని పెండ్లాడెను. ఆ దంపతుల కుమారుడే 1070లో చోళసింహాసన మెక్కి కులోత్తుంగుడైనాడు. రెండు తరముల కోడండ్రు తెలుగునేలకును తమిళనేలకును వేసిన వంతెనపై ఒక రాజ్యము నడచివచ్చినది. ఈ రెండు భాషల నడుమ బ్రతుకు మన కుటుంబములకు ఆ కథ పరాయిది కాదు.

తిరుమలకు పోయినవారు గుడిలోపల శ్రీకృష్ణదేవరాయలు తన దేవులు తిరుమలదేవి, చిన్నాదేవులతో చేతులు జోడించి నిలిచిన లోహవిగ్రహములను చూచియుందురు. 1513లో రాయలు మొదటిసారి స్వామిని దర్శించినపుడు ఈ దేవు లిద్దరును పాలనైవేద్యమునకై బంగారుగిన్నెల నర్పించిరి. రాయల కాలమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయస్, రాజునకు ధర్మపత్నులు పన్నిద్దరుండగా వారిలో ముగ్గురు ముఖ్యులనియు, పొరపొచ్చెములు రాకుండుటకై ఆ ముగ్గురికిని సరిసమానముగా జరుగుబాటు కలదనియు వ్రాసినాడు. పట్టపుదేవి యను మాట ఒక్కతెను సూచించినను ఆచరణమున అది పంచుకొనబడిన పదవి యగుచుండెనన్నమాట.

ఓరుగంటి అక్కచెల్లెండ్రు

ఇక బాలిక వేసిన రెండవ ప్రశ్న. కాకతి గణపతిదేవునకు ఇద్దరు కుమార్తెలు. గణపాంబ కోట బేతరాజును పెండ్లాడినది. భర్త గతించిన పిదప ధాన్యకటకప్రాంతమును తానే పాలించినది. భర్త పేరను, తండ్రి పేరను గుడులు కట్టించినది. ఆమెకు పాలన అత్తవారింటిద్వారా వచ్చినది. రుద్రమకో, పుట్టినింటినుండి వచ్చినది. తండ్రి ఆమెను వారసురాలిగా నిలిపెను. 1262 ప్రాంతమునుండి 1289 వఱకు ఆమె రాజ్యమేలినది. శాసనములలో ఆమె పేరు పలుచోట్ల 'రుద్రదేవ మహారాజు' అనియే కలదు. సింహాసనముపై కూర్చున్న స్త్రీకి తగిన మాట అప్పటి రాజభాషలో సిద్ధముగా లేకపోగా, పురుషుని పేరునే ఆమెకు తొడిగిరి.

మరి భర్త? నిడదవోలు చాళుక్యవంశపు వీరభద్రుడు. రుద్రమ భర్తగా చరిత్ర అతని నెరుగును, కాకతీయరాజుగా ఎరుగదు. పెండ్లివలన అతడు ఓరుగంటికి రాజు కాలేదు. రుద్రమ తరువాత రాజ్యము ఆమె కుమార్తె ముమ్మడమ్మ కొడుకైన ప్రతాపరుద్రునకు చెందినది. రాజు భార్యకు మహిషి, మహాదేవి, పట్టపురాణి యని ఇన్ని పేరులు గల మన భాషలో ఏలిక భర్తకు ఒక్క పేరైనను లేదు.

పేరు లేనిచోట పొరపాటు పుట్టును. పదమూడవ శతాబ్ది చివర మోటుపల్లి రేవును గూర్చి వ్రాసిన మార్కోపోలో ఈ దేశమును మిక్కిలి వివేకవతియైన రాణి న్యాయముగా పాలించుచున్నదని కొనియాడినాడు. కాని ఆమెను మృతుడైన రాజునకు భార్యగా చెప్పినాడు. స్త్రీ రాజ్యమేలుచున్నదన్నచో ఆమె రాజు వితంతువే కావలయునని అతని యూహ. కూతురు పెండ్లామైపోయినది! ఆ మాటను నమ్మి తరువాతివారు కొందరు ఆమెను గణపతిదేవుని భార్యగానే తలచిరి. 1261 నాటి మల్కాపుర శాసనము ఈ చిక్కును విడదీయును. విశ్వేశ్వరశివాచార్యునకు గణపతిదేవుడు ఇత్తునన్న మందడ గ్రామమును, దానితో వెలగపూడిని కలిపి, అతని కుమార్తె రుద్రమ ధారపోసినదని అందు కలదు. ఒక్క రాతిపలక లేకున్నచో ఆమె ఎవరి బిడ్డయో కూడ మనకు తప్పుగనే తెలిసియుండెడిది.

ఇతరదేశముల పద్ధతులు

భర్తకు పేరు కల్పించిన రాజ్యము మన దక్షిణదేశముననే కలదు. తిరువాన్కూరులో వారసత్వము స్త్రీలద్వారా నడచెడిది. రాణి యనగా రాజు భార్య కాదు. రాజు సోదరియో, మేనకోడలో. రాజు భార్య 'అమ్మచ్చి' మాత్రమే. పెద్దరాణి భర్తకు 'వలియ కోయిత్తంపురాన్' అని బిరుదము. శాకుంతలమును మలయాళమున కనువదించిన కేరళవర్మ ఆ బిరుదముతోనే ప్రసిద్ధుడు. మహారాజు ఆగ్రహించి 1875లో అతనిని బంధించినను రాణి లక్ష్మీబాయి అతనిని విడనాడలేదు. ఆ చోట పెండ్లివలన పదవి కలిగినది పురుషునకే. కావున పేరును పుట్టినది, ఆ పేరుగలవానికి అపాయమును కలిగినది.

ఇంగ్లండులో రాజు భార్య అప్రయత్నముగ రాణి యగును. ఏలెడు రాణి భర్త మాత్రము రాజు కాడు. రాజు అను మాట రాణి అను మాటకంటె పెద్దదిగా వినబడుననియు, భర్తను రాజన్నచో ఏలిక ఎవరో జనులకు సందేహము కలుగుననియు దానికి కారణము చెప్పుదురు. విక్టోరియారాణి 1840లో ఆల్బర్టును పెండ్లాడినను 'ప్రిన్స్ కన్సార్ట్' అను బిరుదము ఆయనకు 1857లో గాని రాలేదు. రెండవ ఎలిజబెత్తు 1952లో రాణి కాగా భర్త ఫిలిప్పునకు 1957లో యువరాజబిరుదము నిచ్చినది. 2021లో మరణించువరకు ఆయన రాజు కాలేదు. ఆమె కుమారుడు చార్లెస్ 2022లో రాజగుటతోడనే భార్య కమిల్లా రాణియై, 2023 మే 6న కిరీటము ధరించినది. డెన్మార్కు రాణి మార్గరెట్టు భర్త హెన్రిక్ తనకు సమానగౌరవము దక్కలేదని మనస్తాపము చెంది, రాణి ప్రక్కన తన్ను సమాధి చేయవలదని 2017లో ప్రకటించి మరుసటి యేడు కన్నుమూసెను. ఒక్క మాట దక్కకపోవుట మనిషిని ఎంత దూరము కొనిపోవునో చూడుడు.

నేడు మన యిండ్లలో

మన దేశమున 1971లో జరిగిన రాజ్యాంగసవరణతో రాజుల భరణములును, రాజులను గుర్తించు పద్ధతియు పోయినవి. అయినను ఆ బాలిక ప్రశ్న పోలేదు. 2007లో ప్రతిభాపాటిల్ ఎన్నికైనపుడు స్త్రీని 'రాష్ట్రపతి' యనవచ్చునా యని దేశమంతట చర్చ జరిగినది. 'పతి' యనగా భర్త మాత్రమే కాదు, అధిపతి యనియు అర్థము. పదవికి లింగము లేదు గావున ఆ మాటయే నిలిచినది. 2022లో ద్రౌపదీ ముర్ము ఎన్నికైనపుడు అదియు వింత కాలేదు. రుద్రమకు పురుషుని పేరు తొడుగవలసివచ్చిన చోట ఇప్పుడు పదవికే పేరున్నది.

ఇంకను దగ్గరకు రండు. తమిళనాడులో 2016లో చేసిన చట్టముచే స్థానికసంస్థలలో సగము స్థానములు స్త్రీలవైనవి. పంచాయతీ అధ్యక్షురాలిని ఎన్నుకొని, పని పడినపుడు ఆమె భర్త వద్దకు పోవు అలవాటు అనేకగ్రామములలో కలదు. సంతకము ఆమెది, పెత్తనము అతనిది. వీరభద్రునకు రాజన్న పేరు లేదు, ఆ పేరుతో అధికారమును లేదు. మన గ్రామములలోని భర్తకు పేరు లేకున్నను అధికారము కలదు. ఈ రెండింటిలో ఏది మేలో ఇంట భోజనమువేళ పిల్లల నడుగుడు, వారు చెప్పుదురు.

కథ చెప్పునపుడు 'అనగా ఒక రాణి' యని మొదలుపెట్టుదుము. ఇకమీదట ఆ మాటకు ఒక చిన్న ప్రశ్నను చేర్చుడు: ఆమె రాజును పెండ్లాడి రాణియైనదా, రాజ్యము నేలి రాణియైనదా? మొదటిదైనచో పట్టపురాణి యనుడు. రెండవదైనచో ఏలిక యనుడు. రెండు మాటలును మన తెలుగువే; వాడిననే నిలుచును. ఆ బాలికకు నేను చెప్పిన సమాధానమును ఇదియే: "వీరభద్రుడు రాజు కాడమ్మా, రుద్రమయే రాజు." ఆమె కొంచెము సేపు ఆలోచించి, "అయితే ఆమెను రాణి అనకండయ్యా" అన్నది. నాటినుండి మా తరగతిలో రుద్రమను ఏలిక యనియే అనుచున్నాము.