మన గుడికి ఫైర్ అలారం: తెలుసుకోవలసినవి, ఎంచుకోవలసినవి



ఋగ్వేదంలో మొట్టమొదటి సూక్తం అగ్నిదేవుడిదే. దీపం లేకుండా మనకు పూజ లేదు, అగ్నిసాక్షి లేకుండా పెళ్ళి లేదు. అయినా మన పెద్దలు హోమగుండానికి కొలతలు పెట్టారు, చుట్టూ మేఖలలు కట్టమన్నారు. అగ్ని తన హద్దులో ఉన్నంతవరకే మనకు మేలు. ఆ హద్దు దాటిందని అందరికీ వెంటనే చెప్పేదే ఫైర్ అలారం.

అమెరికాలో మన గుళ్ళు చాలావరకు ఒక ఇంట్లోనో, అద్దె హాలులోనో, కొనుక్కున్న పాత భవనంలోనో మొదలై క్రమంగా పెరిగినవే. హాలు పెంచినప్పుడు, వంటశాల కట్టినప్పుడు, పైన క్లాసు గదులు వేసినప్పుడు అలారం సంగతి కూడా మళ్ళీ చూసుకోవాలి. ఆ నిర్ణయాలు చివరికి సభ్యుల ముందుకే వస్తాయి కాబట్టి, తెలుసుకోవలసిన విషయాలు ఇక్కడ వివరిస్తున్నాము.

రెండు సంఘటనలు, రెండు పాఠాలు

1997 జూన్‌లో తంజావూరు బృహదీశ్వరాలయంలో కుంభాభిషేకం సందర్భంగా వేసిన యాగశాల పందిరికి నిప్పంటుకుంది. మంటల్లోను, తొక్కిసలాటలోను నలభైమందికి పైగా చనిపోయారు. పండుగ రోజు జనం, త్వరగా అంటుకునే పందిరి, దగ్గరలోనే నిప్పు. ఈ మూడూ ఒకచోట చేరడం మన గుళ్ళలో కొత్త కాదు.

2003 ఫిబ్రవరిలో రోడ్ ఐలండ్ రాష్ట్రం వెస్ట్ వార్విక్‌లో ఒక నైట్ క్లబ్బు తగలబడి 100 మంది చనిపోయారు. అక్కడ నిమిషం లోపే అలారం మోగింది. కానీ స్ప్రింక్లర్లు లేవు. పైగా ఎక్కువమంది తాము లోపలికి వచ్చిన ముందు ద్వారం వైపే పరుగెత్తారు. మన గుడిలో కూడా అందరూ వెళ్ళేది చెప్పులు, కోట్లు ఉన్న ద్వారం వైపే కదా! అలారం మోగితే సరిపోదు, మోగాక ఎటు వెళ్ళాలో కూడా తెలియాలి.

అలారంలో ఏమేమి ఉంటాయి?

పసిగట్టేవి, నిర్ణయించేది, చెప్పేవి అని మూడు భాగాలుగా అనుకోవచ్చు. పొగ, వేడి డిటెక్టర్లు, తలుపుల దగ్గర చేత్తో లాగే ఎర్రటి పుల్ స్టేషన్లు, స్ప్రింక్లర్ల నీటి స్విచ్చులు పసిగట్టేవి. గోడమీది ప్యానెల్ నిర్ణయించేది. హారన్లు, స్పీకర్లు, చెవులు వినపడనివారి కోసం మెరిసే స్ట్రోబ్ దీపాలు చెప్పేవి. ప్యానెల్ నుంచి మానిటరింగ్ కేంద్రానికి కూడా కబురు వెళుతుంది, వారు ఫైర్ డిపార్ట్‌మెంటును పిలుస్తారు.

ప్యానెల్ మూడు రకాల మాటలు చెబుతుంది. అలారం అంటే బయటికి వెళ్ళాలి. ట్రబుల్ అంటే తీగ తెగడం, బ్యాటరీ బలహీనపడడం వంటివి. సూపర్‌వైజరీ అంటే స్ప్రింక్లరు వాల్వు ఎవరో మూసివేయడం వంటివి. ప్యానెల్ మీద పసుపు దీపం వెలిగితే ఆ చప్పుడు ఆపేసి ఊరుకోకూడదు. కరెంటు పోయినా వ్యవస్థ 24 గంటలు మెలకువగా ఉండి, ఆ తరువాత కూడా అలారం మోగించగలిగేలా బ్యాటరీలు ఉండాలి.

ఏ గదికి ఏ డిటెక్టర్?

అయొనైజేషన్ రకం భగ్గున మండే మంటను త్వరగా పట్టుకుంటుంది. ఫొటోఎలెక్ట్రిక్ రకం లోలోపల రాజుకునే పొగను త్వరగా పట్టుకుంటుంది. వేడి డిటెక్టరుకు పొగతో పని లేదు. సాధారణంగా 135 డిగ్రీల ఫారన్‌హీట్ చేరితే మోగుతుంది. కొన్ని రకాలు నిమిషానికి 15 డిగ్రీల వేగంతో వేడి పెరిగినా మోగుతాయి.

క్లాసు గదులు, ఆఫీసు, చెప్పుల గదికి ఫొటోఎలెక్ట్రిక్ మంచిది. అలంకరణ బట్టలు, ప్లాస్టిక్ పూలు, నూనె డబ్బాలు, కర్పూరం దాచే స్టోరు గదిని ఎవరూ పట్టించుకోరు. అక్కడ డిటెక్టర్ తప్పక ఉండాలి. వంటశాలలో పోపు పెట్టినా పొగ డిటెక్టర్ మోగుతుంది కాబట్టి వేడి డిటెక్టర్ వాడతారు. పొయ్యిమీది హుడ్‌కు విడిగా మంట ఆర్పే ఏర్పాటు ఉంటుంది. అది పనిచేయగానే గ్యాసు ఆగాలి, ప్యానెలుకూ కబురు అందాలి.

హోమం రోజు ఏం చేయాలి?

ప్రతి గుడిలో వచ్చే చిక్కు ఇదే. హోమం పొగకు, సాంబ్రాణి ధూపానికి అలారం మోగి, ఫైర్ ఇంజన్లు వస్తాయి. విసిగిపోయి ఎవరో ఒకరు డిటెక్టరుకు ప్లాస్టిక్ సంచి కడతారు. ఇది చట్టవిరుద్ధమే కాదు, ప్రాణాంతకం కూడా. పూజ అయ్యాక సంచి విప్పడం మరిచిపోతే, ఆ రాత్రి ఏ తీగ రాజుకున్నా చెప్పేవారు ఉండరు.

సరైన దారి డిజైన్ దశలోనే ఉంది. హోమం చేసే చోటు ముందే నిర్ణయించి, పొగ బయటికి లాగే ఫ్యాను పెట్టించాలి. అక్కడ వేడి డిటెక్టర్, లేదా పొగను, వేడిని కలిపి చూసే రకం వాడవచ్చా అని డిజైనరును, ఫైర్ మార్షల్‌ను అడగాలి. లోపల నిప్పు వెలిగించడానికి చాలాచోట్ల పర్మిట్ కావాలి. కొంతసేపు ఏ భాగాన్నయినా ఆపవలసివస్తే ఫైర్ మార్షల్ అనుమతితో, మానిటరింగ్ కేంద్రానికి చెప్పి, అలారం కంపెనీవారి చేతనే చేయించాలి. అంతసేపూ ఆర్పే సిలిండరు పక్కన పెట్టుకుని, వేరే పనేదీ లేకుండా కాపలా ఉండే మనిషి కావాలి. పూర్ణాహుతి అయ్యాక వ్యవస్థను తిరిగి మామూలు స్థితికి తెచ్చినట్టు పుస్తకంలో సంతకం చేయాలి.

కన్వెన్షనలా, అడ్రసబులా?

కన్వెన్షనల్ వ్యవస్థ భవనాన్ని జోన్లుగా విడదీస్తుంది. ‘రెండో అంతస్తు’ అని మాత్రమే చెబుతుంది. అడ్రసబుల్ వ్యవస్థలో ప్రతి డిటెక్టరుకు ఒక చిరునామా ఉంటుంది. ‘రెండో అంతస్తు, స్టోరు గది’ అని చెబుతుంది. చిన్న గుడికి మొదటిది చాలు, ఖర్చు కూడా తక్కువ. పై అంతస్తులో పిల్లలు తెలుగు క్లాసులో ఉండి, కింద కల్యాణం జరుగుతున్న పెద్ద భవనంలో మాత్రం ఏ గదిలో అన్నది వెంటనే తెలియాలి. రేపు భవనం పెంచినా అడ్రసబుల్ వ్యవస్థకు కొత్త డిటెక్టర్లు కలపడం సులువు.

అమెరికాలో చాలా రాష్ట్రాలు అనుసరించే ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం 300 మంది లేదా అంతకు మించి చేరే ప్రార్థనాస్థలాలకు ఫైర్ అలారం ఉండాలి. 1000 మందికి చేరితే మాటలతో హెచ్చరించే వ్యవస్థ కావాలి. రాష్ట్రాన్ని, కౌంటీని బట్టి మార్పులుంటాయి. చివరి మాట స్థానిక అధికారులదే. అంతమంది రాకపోయినా మాటల హెచ్చరిక మంచిదని మా అభిప్రాయం. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలకు, తాతయ్యలకు హారన్ చప్పుడు అర్థం కాకపోవచ్చు. అధికారులు ఒప్పుకుంటే ఇంగ్లీషు తరువాత తెలుగులో కూడా రికార్డు చేయించవచ్చు.

కాంట్రాక్టరును అడగవలసిన ప్రశ్నలు

1. ఈ ప్యానెలును వేరే కంపెనీలు కూడా సర్వీసు చేయగలవా, మీరు మాత్రమేనా?
2. మానిటరింగ్, సంవత్సర తనిఖీ ఖర్చులు కలిపి పదేళ్ళకు ఎంత అవుతుంది?
3. పాత ఫోను లైను మీద ఆధారపడుతుందా, సెల్యులర్ లేదా ఇంటర్నెట్ ద్వారానా?
4. పని పూర్తయ్యాక డ్రాయింగులు, పాస్‌వర్డులు సొసైటీకి ఇస్తారా? (కమిటీలు మారతాయి, కాగితాలు గుడిలోనే ఉండాలి.)
5. హోమం, దీపోత్సవాల గురించి విన్నాకే ఈ డిజైన్ చేశారా?

అన్నిటికన్నా తక్కువ కొటేషన్ అన్న ఒక్క కారణంతో ఎవరినీ ఎంచుకోవద్దని మనవి.

మన ఇళ్ళ సంగతి

2025 మేలో హైదరాబాదు చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒక ఇల్లు తెల్లవారాక అంటుకుని, ఒకే కుటుంబానికి చెందిన బంధువులు 17 మంది చనిపోయారు. మన ఇంట్లో ప్రతి పడకగదిలోను, పడకగదుల బయట, ప్రతి అంతస్తులోను పొగ అలారం ఉండాలి. ఒకటి మోగితే అన్నీ మోగేలా కలిపి ఉంటే మరీ మంచిది. నెలకోసారి బటన్ నొక్కి చూడండి. పదేళ్ళు దాటినవాటిని మార్చండి, తయారైన తేదీ వెనుక ఉంటుంది. అగరుబత్తికి మోగుతోందని బ్యాటరీ తీసేయకుండా, పూజ చోటునైనా మార్చండి, అలారం చోటునైనా మార్చండి. దీపం కొండెక్కకుండానే పడుకోవద్దు.

చివరగా ఒక మాట. అభిషేకం మధ్యలో అలారం మోగితే అర్చకస్వాములతో సహా అందరూ బయటికి రావాలి. చెప్పుల కోసం ఆగవద్దు. స్వామికి అభిషేకం మళ్ళీ చేసుకోవచ్చు, పోయిన ప్రాణాన్ని తేలేము. ఈ పండుగకు గుడికి వచ్చినప్పుడు మీరు వచ్చిన ద్వారం కాక ఇంకొక ద్వారం ఎక్కడుందో చూసి, మీ పిల్లలకు, పెద్దలకు చూపించండి.

అందరి ఇళ్ళలోను దీపాలు హద్దులో వెలగాలని, అందరూ క్షేమంగా ఉండాలని కోరుకుంటున్నాము.