ఒకే మాట – పలు గొంతులు

2004 డిసెంబరు 26వ తేదీ ఉదయం పుదుచ్చేరి సమీపంలోని నల్లవాడు అనే మత్స్యకార గ్రామానికి సింగపూరు నుండి ఒక ఫోను వచ్చింది. అక్కడ ఉంటున్న ఆ ఊరి యువకుడు సునామీ వార్త విని తన ఇంటివారిని హెచ్చరించాడు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ నెలకొల్పిన సమాచార కేంద్రంలోని మైకు ఆ హెచ్చరికను ఊరంతటికీ వినిపించింది. జనం ప్రాణాలతో బయటపడ్డారు. ఆనాడు ఆ అలలు మన నెల్లూరు తీరాన్ని కూడా తాకాయి. 1989 నవంబరులో కావలి వద్ద తీరం దాటిన పెనుతుపానును చూచిన పెద్దలకు, సకాలంలో వినిపించే ఒక్క మాట విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

అటువంటి లౌడుస్పీకర్లకు తీగలుండేవి. తీగలో విద్యుత్తు క్షణంలో పరుగిడుతుంది గనుక ఊరిలోని అన్ని స్పీకర్లూ ఒకేసారి పలికేవి. అది ఒక వరమని అప్పుడెవరూ గుర్తించలేదు. ఇప్పుడు తీరగ్రామంలోని ఒక పాఠశాలలో ఒక కంప్యూటరు, నాలుగు వైర్‌లెస్ స్పీకర్లు ఉన్నాయనుకొందాం. కంప్యూటరు ధ్వనిని చిన్న చిన్న అంకెల మూటలుగా కట్టి గాలిలోకి పంపుతుంది. ప్రతి స్పీకరు వాటిని అందుకొని, కొంత నిలువ చేసికొని, విప్పి, ఆపై పలుకుతుంది. ఒక స్పీకరుకు ఈ పనికి సెకనులో పదవ వంతు పడితే, మరొకదానికి అయిదవ వంతు పట్టవచ్చు.

ఇంత స్వల్పమైన తేడా ఏపాటిదని అనిపించవచ్చు. కాని మన చెవి మిక్కిలి నిశితమైనది. ఒకే మాట రెండు చోట్ల నుండి సెకనులో సుమారు ముప్పయ్యవ వంతు తేడాతో వచ్చినంతవరకు ఒక్కటిగానే వినిపిస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్ముట్ హాస్ 1949లో ఈ విషయాన్ని పరిశోధించి తెలిపాడు. ఆ హద్దు బాగా దాటితే మాట రెండుగా చీలుతుంది. ‘వేటకు వెళ్లవద్దు’ అన్న ప్రకటనలో ప్రాణమంతా చివరనున్న ‘వద్దు’లోనే ఉంది. వెనుకబడిన మరొక స్పీకరులోని ‘వేటకు వెళ్ల’ దానిమీద పడితే వినేవాడికి మిగిలేదేమిటి?

దీనికి పరిష్కారం వేగం పెంచడం కాదు. అందరూ కలసి ఆగడం. అలివి వల లాగేవారిని చూడండి. రెండు తాళ్ల వద్ద రెండు జట్లు నిలుచుంటాయి. బలవంతుడు ముందుగా లాగడు. పిలుపు కోసం ఆగుతాడు. వైఫై స్పీకర్లలోనూ ఇదే పద్ధతి. కంప్యూటరు ప్రతి మూటపైనా ‘దీనిని ఫలానా క్షణంలో పలకాలి’ అని రాసి పంపుతుంది. ముందుగా అందుకొన్న స్పీకరు ఆ క్షణం వరకు మౌనంగా ఉంటుంది.

అయితే ఆ క్షణం అన్నింటికీ ఒకటే కావాలి కదా! ప్రతి స్పీకరులోనూ స్ఫటికంతో నడిచే ఒక చిన్న గడియారం ఉంటుంది. రెండు గడియారాల నడకలో పది లక్షలలో యాభై వంతుల తేడా ఉంటే, గంట గడిచేసరికి అవి సెకనులో అయిదవ వంతుకు కొంచెం తక్కువగా విడిపోతాయి. అందువలన అవి మాటిమాటికీ ఒక ప్రధాన గడియారంతో సరిచూచుకొంటూ ఉండాలి. అంతరిక్షంలోనూ ఇదే అవసరం. 2022లో తిరుపతి జిల్లాలో చేరిన మన శ్రీహరికోట నుండి 2023 మే 29న ఎగిరిన ఎన్‌.వి.ఎస్‌.-01 ఉపగ్రహం స్వదేశీ రుబీడియం అణుగడియారాన్ని మోసుకుపోయింది. స్థలాన్ని తెలిపే ఉపగ్రహాలకు కాలమే కొలబద్ద.

బ్లూటూత్ మొదట ఒక పరికరాన్ని మరొకదానితో జతపరచడానికి పుట్టింది. పలువురికి ఒకేసారి వినిపించడం దాని స్వభావం కాదు. 2022లో వెలువడిన ఆరాకాస్ట్ విధానం, రేడియో కేంద్రం వలె, ఎన్ని పరికరాలకైనా ధ్వనిని ప్రసారం చేయగలదు. పంపే పరికరమూ అందుకొనే స్పీకర్లూ రెండూ అందుకు తగినవై ఉండాలి.

ఇన్ని ఏర్పాట్లూ గదిలో చక్కగా పనిచేస్తాయి. మైపాడు వంటి విశాలమైన ఇసుకతీరంలో ధ్వనియే ఆలస్యం చేస్తుంది. గాలిలో అది సెకనుకు సుమారు 340 మీటర్లే నడుస్తుంది. నూటడెబ్భై మీటర్ల ఎడంలో రెండు స్పీకర్లు సరిగ్గా ఒకేసారి పలికినా, ఒకదాని చెంత నిలిచినవాడికి రెండవదాని మాట అర సెకను ఆలస్యంగా చేరుతుంది. అందుకే నిపుణులు స్పీకర్లన్నింటినీ ఒకే దిక్కుకు తిప్పి, ముందున్నవాటిని దూరాన్ని బట్టి కావాలనే ఆలస్యంగా పలికిస్తారు.

తుపాను రాత్రి కరెంటు పోతే వైఫై కూడా పోతుంది. అప్పుడు బ్యాటరీతో నడిచే హారనూ, మనిషి గొంతూ మిగులుతాయి. పూర్వం దండోరా వేసేవాడు వీధి మొగలో నిలిచి, డప్పు ఆపి, మాట చెప్పి, తరువాతి వీధికి సాగిపోయేవాడు. అతని ‘వద్దు’ మీద మరొక గొంతు పడేది కాదు.