ఫోన్లో ‘బాగానే ఉన్నా’ అంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో ఏడాది, హాస్టల్లో ఉంటాడు. రెండు సబ్జెక్టులు పోయినప్పటి నుంచి ఫోన్ చేస్తే పొడిపొడిగా మాట్లాడి పెట్టేస్తున్నాడు. డాక్టరుకు చూపిస్తే రికార్డుల్లోకెక్కి ఉద్యోగానికి అడ్డవుతుందని మావారి భయం. ఏం చేయాలి?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మార్కుల మాట పక్కన పెట్టండి. ‘చదువుతున్నావా?’ అని మొదలయ్యే ఫోన్ ఎత్తాలంటేనే పిల్లలకు గుండె దడ. వీలైతే మీరే హాస్టల్‌కు వెళ్లండి. నచ్చిన కూర క్యారేజీలో పట్టుకెళ్లి పక్కన కూర్చోండి. ఎంత తింటున్నాడో, కళ్లెలా ఉన్నాయో, మంచం కింద ఉతకని బట్టలు ఎంత కుప్ప పడ్డాయో చూడండి. ఫోన్లో దాగేవి అక్కడ కనిపిస్తాయి. నిద్ర, ఆకలి, దేనిమీదా ఆసక్తి లేక రెండు వారాలు దాటితే డిప్రెషన్ కావచ్చు, బద్ధకమని తిట్టకండి. ‘చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?’ అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, లోపలి బరువు దించుకునే వీలు దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి.

మీవారికి చెప్పండి: చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. విశాఖలో ఒక విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని ఆదేశించింది. కాలేజీని గట్టిగా అడగండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే 24 గంటలూ ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. ఈ రాత్రే ముందు మీరు చేయండి, తల్లిదండ్రులకూ సలహా చెబుతారు.