కోఠీలో చదవబోయే చెల్లికి

చి. బుజ్జికి,

కోఠీ మహిళా విశ్వవిద్యాలయంలో నీకు సీటు వచ్చిందన్న సంతోషం ఒకవైపు ఉన్నా, నిన్న ఫోన్లో నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. "నాన్నకి భారం కాకుండా ఒక పూట తిని సర్దుకుంటాలే అక్కా" అన్నావు. ముందు ఆ ఆలోచన మానెయ్. కడుపు మాడ్చుకుని మిగిల్చిన డబ్బు మందుల షాపుకే పోతుంది, చదువూ దెబ్బతింటుంది. తిండి ఒక్కటి వదిలేసి, మిగతా అన్నిట్లో ఎంత గీచి గీచి ఖర్చు పెట్టినా నేను కాదనను.

అన్నిటికంటే ముందు స్కాలర్‌షిప్ సంగతి చూడు. ఈ-పాస్‌లో దరఖాస్తు పెట్టడం, ఆదాయ ధ్రువపత్రం మీసేవలో తీయించుకోవడం, బ్యాంకు ఖాతాకి ఆధార్ అనుసంధానం అయిందో లేదో బ్యాంకులో అడిగి చూసుకోవడం, ఈ మూడూ మొదటి నెలలోనే అయిపోవాలి. రెండో ఏడు రెన్యువల్ చేయించడం చాలామంది మరిచిపోతారు. ఏడాదంతా టీలు మానేసినా ఆ ఒక్క దరఖాస్తు తెచ్చేంత మిగలదు. హాజరు తగ్గినా స్కాలర్‌షిప్ ఆగిపోతుంది కాబట్టి క్లాసు ఎగ్గొట్టడం కూడా ఖర్చే అనుకో.

హాస్టల్ చూసేటప్పుడు నెల అద్దె ఒక్కటే అడిగి ఊరుకోకు. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసేటప్పుడు మెయింటెనెన్స్ పేరుతో అందులో ఎంత కోస్తారు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, పండక్కి ఊరెళ్తే ఆ రోజులకి మెస్ డబ్బులు తగ్గిస్తారా, అన్నీ అడుగు. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకో. దిల్‌సుఖ్‌నగర్ వైపు దొరికితే మంచిది, కోఠీకి బస్సులు ఎప్పుడూ ఉంటాయి. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన ఆడవాళ్లకి టికెట్ డబ్బులు లేవు కదా. ఆధార్ చూపించి జీరో టికెట్ మాత్రం అడిగి తీసుకో. ఖమ్మం రావడానికి కూడా ఎక్స్‌ప్రెస్ అయితే ఉచితమే. కాస్త ముందు బయలుదేరితే చాలు, ఆటో జోలికి పోనక్కర్లేదు.

పుస్తకాల విషయంలో నువ్వు అదృష్టవంతురాలివి. పాత పుస్తకాలకి కోఠీ పెట్టింది పేరు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కూడా పరిచి అమ్ముతారు. మొదటి వారమే కొనెయ్యకు. లెక్చరర్ ఏ పుస్తకంలోంచి చెబుతున్నారో చూసి, సీనియర్లని అడిగి, వాళ్ల దగ్గర లేకపోతేనే షాపుకి వెళ్లు. పుస్తకం చేతిలోకి తీసుకోగానే సిలబస్ ఏ సంవత్సరానిదో చూడు. తర్వాత పేజీలు వేళ్లతో తిరగేస్తూ పోతే పరీక్షలకి ముఖ్యమైన యూనిట్ దగ్గర ఎవరో బ్లేడుతో చించుకుపోయిన జాగా తగులుతుంది ఒక్కోసారి. అట్ట వెనక పెన్సిల్‌తో రాసిన ధర చూసి భయపడకు, అది బేరానికి రాసిందే. పెన్నుతో గీతలు కొట్టకుండా చదివితే ఏడాది చివర్లో అక్కడే తిరిగి అమ్ముకోవచ్చు. ఒక్కసారే పనికొచ్చే పుస్తకానికి అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది. కాలేజీ నుంచి నడిచి వెళ్లొచ్చు. హాస్టల్ గదిలో నలుగురి మధ్య చదువు సాగని రోజున అక్కడ కూర్చో, డబ్బులు పెట్టి స్టడీ హాల్‌లో చేరే అవసరం రాదు.

తిండి మానొద్దన్నాను, ఫోన్లో ఆర్డర్ పెట్టుకోమని అనలేదు. అదే బిర్యానీకి యాప్‌లో చాలాసార్లు ధరే ఎక్కువ ఉంటుంది, దాని మీద డెలివరీ, ప్లాట్‌ఫామ్ ఫీజు, పన్ను. రాత్రి పదింటికి ఆకలేస్తే గదిలో అటుకులు, వేరుశెనగలు, అమ్మ పెట్టే కారప్పొడి ఉండేలా చూసుకో. బయట తిరిగే రోజున ఇందిరమ్మ క్యాంటీన్ కనపడితే మొహమాటపడకుండా వరసలో నిలబడు. అవి 2014 నుంచి అన్నపూర్ణ పేరుతో నడిచినవే. 5 రూపాయలకి అన్నం, పప్పు, కూర, పచ్చడి వేడివేడిగా పెడతారు. అక్కడ తినడం నామోషీ అనేవాళ్ల మాట వినకు.

ఇంకోటి, ఇది అమ్మ చెప్పదు. జన ఔషధి కేంద్రాల్లో సువిధ ప్యాడ్ ఒక్కోటి 1 రూపాయికి ఇస్తారు. మామూలు మందులు కూడా అక్కడ బాగా తక్కువ. డాక్టరు చీటీ తీసుకెళ్లు.

హాస్టల్లో నిజంగా జేబు ఖాళీ చేసేది పుట్టినరోజులు. గదికి నలుగురు, ఫ్లోరుకి ముప్ఫై మంది, నెలకి మూడు కేకులు, మూడు రెస్టారెంట్లు. అందరూ ఇస్తుంటే ఇవ్వకుండా ఉండటం కష్టమే. మొదటిసారే "కేక్ కోసేటప్పుడు ఉంటాను, హోటల్‌కి మాత్రం రాలేను" అని నవ్వుతూ చెప్పెయ్. ఆ మాటకి దూరమయ్యే స్నేహితురాలు ఉంటే పోనీ. నీలా ఇంటి నుంచి లెక్కగా డబ్బు వచ్చే అమ్మాయిలు అక్కడ సగం మంది ఉంటారు, ఒకరు నోరు తెరిస్తే మిగతావాళ్లూ ఊపిరి పీల్చుకుంటారు.

నాన్న పంపే డబ్బు పడే ఖాతాకి యూపీఐ పెట్టకు. ఇంకో జీరో బ్యాలెన్స్ ఖాతా తెరిచి, ప్రతి ఆదివారం ఆ వారానికి సరిపడా అందులోకి మార్చుకో, ఫోన్‌తో కట్టేది అందులోంచే. రోజుకి 40 రూపాయలు ఊరికే పోతే నెలకి 1200. పది, ఇరవై చొప్పున స్కాన్ చేస్తుంటే ఆ సంగతి తెలియదు, శుక్రవారానికి ఖాతా ఖాళీ అయితే తెలుస్తుంది.

ఎంత ఇబ్బంది వచ్చినా లోన్ యాప్ మాత్రం తెరవకు బుజ్జీ. 2020 చివర్లో ఆ యాప్‌లవాళ్ల వేధింపులు భరించలేక మన రాష్ట్రంలోనే ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ మెసేజీలు పెట్టి పరువు తీస్తారు. అర్ధరాత్రయినా సరే నాకు ఫోన్ చెయ్. ఎందుకు, ఏమిటి అని అడగకుండా పంపిస్తాను, లెక్క తర్వాత చూసుకుందాం.

హాస్టల్ చూడటానికి నేను వచ్చే ఆదివారం పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ బస్టాండుకి వస్తాను. ఆధార్, ఇంటర్ మెమో, ఆదాయ ధ్రువపత్రం జిరాక్సులు ఖమ్మంలోనే తీయించుకుని రా.

ప్రేమతో,
అక్క