శీతాకాల ఆవాసాల నుండి పాముల అకాల నిష్క్రమణ: కారణాలు, పరిశీలన, విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత

పరిచయం

1974 డిసెంబరు నుండి 1975 ఫిబ్రవరి ఆరంభం వరకు ఈశాన్య చైనాలోని లియావోనింగ్ ప్రావిన్స్‌లో పలు గ్రామాల నుండి ఒక అసాధారణ సమాచారం అందింది. వసంతం వరకు నేల అడుగున ఉండవలసిన పాములు గడ్డకట్టిన నేలపైకి వచ్చి, చలికి బిగుసుకొని చనిపోతున్నాయన్నది ఆ సమాచారం. 1975 ఫిబ్రవరి 4 సాయంత్రం 7 గంటల 36 నిమిషాలకు ఆ ప్రావిన్స్‌లోని హైచెంగ్ ప్రాంతంలో 7.3 తీవ్రతతో భూకంపం సంభవించింది. నాటి నుండి పాముల అకాల నిష్క్రమణను భూకంప సూచనగా పేర్కొనడం పరిపాటి అయింది. అయితే ఈ ప్రవర్తనకు మూలమైన కారణాలు అనేకం. రైతు చెప్పిన ఇటువంటి పరిశీలనను తోసిపుచ్చకుండా, అతిశయోక్తికి తావివ్వకుండా ఏ విధంగా స్వీకరించాలో ఈ వ్యాసం చర్చిస్తుంది.

నేల ఉష్ణోగ్రత – పాము ప్రవర్తన

పాము శీతరక్త జంతువు. దాని శరీర ఉష్ణోగ్రత పరిసరాలపై ఆధారపడి ఉంటుంది. శీతల దేశాలలో నేల పైపొరలు గడ్డకట్టినప్పుడు, గడ్డకట్టని లోతుకు చేరడమే దానికి జీవన మార్గం. కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో నార్సిస్ వద్ద సున్నపురాతి పగుళ్లలో వేల సంఖ్యలో గార్టర్ పాములు ఒకే చోట శీతాకాలం గడిపి, సాధారణంగా ఏప్రిల్ చివర, మే మాసాలలో వెలుపలికి వస్తాయి.

లోతైన ఆవాసంలో పగలు, రాత్రి భేదం తెలియదు. నేలలో దైనందిన ఉష్ణోగ్రతా వ్యత్యాసం సుమారు అర మీటరు లోతుకు చేరేసరికి దాదాపు అంతరించిపోతుంది. ఋతువుల మార్పు మరింత లోతుకు చేరినా, ఆలస్యంగా చేరుతుంది. రెండు మీటర్ల లోతున ఈ ఆలస్యం ఒకటి, రెండు నెలలు ఉండవచ్చు. అందువల్ల శీతాకాలమంతా పైపొర చల్లగా, అడుగు పొర వెచ్చగా ఉండి, వసంతంలో ఈ క్రమం తారుమారవుతుంది. ఈ తారుమారే నిష్క్రమణకు సంకేతమని పరిశోధకులు భావిస్తున్నారు.

దీనినుండి ఒక ముఖ్యమైన అనుమితి లభిస్తుంది. నాలుగైదు రోజుల అకాలపు వేడి నిస్సారమైన బొరియలోని పామును కదిలించగలదు. రెండు మీటర్ల లోతున ఉన్న పామును కదిలించడం కష్టం. కాబట్టి "పాము ముందుగా బయటికి వచ్చింది" అన్న వార్త విన్న వెంటనే అడగవలసిన మొదటి ప్రశ్న ఆవాసం ఎంత లోతున ఉన్నదన్నది.

ఇతర కారణాలు

నీరు: భూగర్భ జలమట్టం పెరిగినా, కాలువ గండిపడినా, తడి పెట్టినా బొరియలోకి నీరు చేరుతుంది. చలిని లెక్కచేయకుండా పాము వెలుపలికి రావలసివస్తుంది.

ప్రకంపనలు: పాముకు బాహ్యకర్ణం లేకపోయినా నేలపై ఆనించిన కింది దవడ ద్వారా ప్రకంపనలు లోపలి చెవికి చేరుతాయి. యంత్రాలు, పేలుళ్లు, చిన్న భూప్రకంపనలు దానికి తెలిసే అవకాశం ఉంది.

వ్యాధి: అమెరికాలో శిలీంద్రం వల్ల చర్మవ్యాధి సోకిన పాములు శీతాకాలంలోనే ఆవాసం వదలి ఆరుబయట కనిపించిన సందర్భాలున్నాయి.

ఆవాస భంగం: గట్టు తవ్వడం, పుట్ట పగులగొట్టడం, ఎలుకల బొరియలను పొగబెట్టడం వంటి పనులు ఈ కోవకు చెందుతాయి.

హైచెంగ్ అనుభవం

హైచెంగ్‌లో ప్రజలను ఖాళీ చేయించినది పాముల ప్రవర్తన ఒక్కటే అనడం సరికాదు. 1974 డిసెంబరు 22న అదే ప్రావిన్స్‌లో సుమారు 5 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ శీతాకాలంలో బావులలో నీటిమట్టం మారడం, నీరు మడ్డిగా మారడం కూడా నమోదయ్యాయి. ఫిబ్రవరి 1 నుండి పూర్వ ప్రకంపనలు మొదలై, ప్రధాన భూకంపానికి ముందు వాటి సంఖ్య 500 దాటింది. స్థానిక అధికారుల నిర్ణయాలకు ప్రధాన ఆధారం ఈ ప్రకంపనలే. యింగ్కౌ కౌంటీలో ఫిబ్రవరి 4 ఉదయమే ప్రజలను ఇళ్లనుండి వెలుపలికి పంపే నిర్ణయం జరిగింది. సుమారు పది లక్షల జనాభా గల ప్రాంతంలో మృతుల సంఖ్య 2,041కి పరిమితమైంది. వీరిలో కొందరు ఇళ్లు కూలి కాక, ఆరుబయటి తాత్కాలిక గుడారాలలో చలికి, అగ్నిప్రమాదాలకు బలయ్యారు. హెచ్చరికకు కూడా మూల్యం ఉంటుందనడానికి ఇది నిదర్శనం.

నీటి మార్పులు, చిన్న ప్రకంపనలు పాములను కదిలించి ఉండవచ్చు. ఈ వివరణ సమంజసమే గాని, నిరూపితం కాదు. ఆ పాములు ఏ లోతు నుండి వచ్చాయో, అంతకు ముందటి శీతాకాలాలలో ఎన్ని వచ్చేవో తెలిపే కొలతలు లేకపోవడమే ఇందుకు కారణం.

మరుసటి ఏడాది, 1976 జూలై 28న, తాంగ్షాన్ భూకంపం ముందస్తు హెచ్చరిక లేకుండా వచ్చి, అధికారిక లెక్కల ప్రకారమే 2,40,000 మందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. జూలైలో పాములు శీతాకాల ఆవాసంలో ఉండవు. అంటే, నిష్క్రమణ అనే సూచనకు వేసవి నెలలలో అవకాశమే లేదు.

ఒక లెక్క

విద్యార్థుల అవగాహన కోసం ఒక ఊహాత్మక ఉదాహరణ. ఒక మండలంలో 40 గ్రామాలున్నాయనీ, సాధారణ కారణాల వల్ల ఏటా నూటికి 5 గ్రామాలలో పాములు అకాలంలో కనిపిస్తాయనీ అనుకుందాం. ఏటా 2, ఇరవై ఏళ్లలో 40 వార్తలు వస్తాయి. ఆ కాలంలో ఒకే భూకంపం వస్తే, దానికి ముందు వచ్చిన రెండు వార్తలే జ్ఞాపకముంటాయి. మిగిలిన 38 మరుపున పడతాయి. జంతువుల అసాధారణ ప్రవర్తనపై 160 భూకంపాలకు సంబంధించిన 729 నివేదికలను పరిశీలించి 2018లో ప్రచురించిన సమీక్షలో, కాలక్రమంలో వరుసగా నమోదైన దత్తాంశాలు 14 మాత్రమేనని తేలింది. మిగిలినవన్నీ ప్రధానంగా భూకంపం తరువాత గుర్తుచేసుకొని చెప్పినవే.

తెలుగు రాష్ట్రాలలో పరిస్థితి

మన ప్రాంతంలో నేల గడ్డకట్టదు. కనుక శీతల దేశాలలోని సుదీర్ఘ సుప్తావస్థ ఇక్కడి పాములకు లేదు. చలికాలంలో చురుకుదనం తగ్గుతుంది, అంతే. రక్తపింజర జతకట్టేది చలికాలంలోనే. ఖరీఫ్ వరికోతల వేళ ఆశ్రయం కోల్పోయిన పాములు గట్లమీద, కుప్పల కింద కనిపించడం సహజం. కాబట్టి డిసెంబరులో పాము కనిపించడాన్ని అసాధారణమనలేము. 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం వంటి సందర్భాలలో ఇటువంటి వార్తలను దీనికి అన్వయించే ముందు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

అయితే నిశ్చయమైన ప్రమాదం ఒకటి ఉంది. భారతదేశంలో 2000–2019 మధ్య పాముకాటు మరణాలు ఏటా సగటున 58,000 అని అంచనా. మరణాలు అధికంగా గల రాష్ట్రాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కారణం ఏదైనా, పాములు వెలుపల తిరుగుతున్నాయన్న సమాచారం ఆ పూటకే రైతుకు ఉపయోగపడుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. వార్త అందిన రోజునే నమోదు చేయాలి. ఫలితం తెలిసిన తరువాత రాసినది సాక్ష్యంగా నిలువదు.

2. తేదీ, వేళ, స్థలం, పాముల సంఖ్య, వాటి స్థితి (చురుకు, మందకొడి, మృతి), చర్మంపై పుండ్లు, ఆవాసం లోతు నమోదు చేయాలి. జాతి తెలియకపోతే "తెలియదు" అనే రాయాలి.

3. సమీప వ్యవసాయ వాతావరణ కేంద్రం నుండి గత పది రోజుల గాలి, నేల ఉష్ణోగ్రతలు, వర్షపాతం జతపరచాలి.

4. తడులు, కాలువ నీరు, బావి నీటిమట్టం, కోతలు, తవ్వకాలు, పేలుళ్ల వివరాలు అడగాలి.

5. పాములు కనిపించని వారాలలో "కనిపించలేదు" అని కూడా రాయాలి. సాధారణ స్థాయి ఎంతో తెలిపేది ఈ నమోదే.

6. భూకంప హెచ్చరిక జారీ చేయరాదు. బావి నీటిలో మార్పు, ప్రకంపనలు కూడా కనిపిస్తే జిల్లా యంత్రాంగానికి తెలియజేయాలి.

7. రైతులకు వెంటనే చెప్పవలసినవి: మడమలు కప్పే బూట్లు ధరించడం, చీకటిలో టార్చి లైటు వాడడం, కుప్పలను చేతితో కాక కర్రతో కదపడం. కాటు పడితే కోతలు, కట్లు, నాటువైద్యంతో కాలయాపన చేయక, విషవిరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

ముగింపు

నేలను అనుదినం చూసేవాడు రైతు. ఋతువు తప్పిన మార్పు అందరికన్నా ముందు అతని కంటబడుతుంది. హైచెంగ్ గ్రామీణులు చూసినది నిజమే కావచ్చు. లోపించినది ఏటేటా సాగిన కొలత. నార్సిస్‌లో శీతాకాల నిద్రను వదలిన పాము అయినా, గోదావరి తీరాన గట్టుమీద కనిపించిన తాచు అయినా, ముందుగా తెలిపేది తన చుట్టూ ఉన్న వేడి, నీరు, నేల స్థితినే. ఆ సమాచారాన్ని నాటి తేదీతో, నాటి కొలతలతో భద్రపరచడం, ఆ రోజే రైతు ప్రాణరక్షణకు వినియోగించడం విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత.