ప్రార్థిస్తున్నా గుండెదడ తగ్గడం లేదు

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం. మావారు కైకలూరు దగ్గర రొయ్యల చెరువు కౌలుకు చేస్తున్నారు. అప్పుల దిగులుతో నాకు నిద్ర పట్టదు. ఎంత ప్రార్థించినా గుండెదడ ఆగడం లేదు. నా విశ్వాసం తక్కువా?

జవాబు: కాదమ్మా. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల రైతుల ఇళ్లలో ఈ దిగులే కమ్ముకుంది. ఆపద తోచగానే గుండె వేగం పెరుగుతుంది, నిద్ర చెదురుతుంది. అది శరీర ధర్మం, పాపం కాదు.

బైబిల్లో అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు పత్రిక రాసింది సంకెళ్లలో ఉండి. చింతను దాచుకోమనలేదు, విన్నపంగా దేవునికి తెలపమన్నాడు. 13వ కీర్తన మొదలయ్యేదే మొరతో. మీరూ అలాగే ఉన్నదున్నట్టు చెప్పుకోండి.

పడుకునే ముందు అప్పులు, గడువులు కాగితం మీద రాసి, ఒక్కొక్కదాని కోసం పేరుపెట్టి ప్రార్థించండి. రేపు చేయగల పని ఒక్కటే గుర్తు పెట్టుకోండి, బ్యాంకులో గడువు అడగడం లాంటిది. ఊపిరి నెమ్మదిగా వదులుతూ మీకు నచ్చిన వచనం తలచుకోండి. ఆదివారం ఆరాధన అయ్యాక నమ్మకమైన ఒకరితో మనసు విప్పి మాట్లాడండి.

మందులు వాడితే విశ్వాసం లేనట్టేననే మాట వినకండి. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడే.

రెండు వారాలు దాటినా నిద్ర, తిండి కుదరకపోతే డాక్టరును కలవండి. ఛాతీనొప్పి, ఆయాసం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. చనిపోవాలనిపిస్తే ఇంట్లోవారికి చెప్పి, ఆ క్షణమే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.