చెరువులో ప్లాంక్టన్ ఎంతుంది? ఫోన్ కెమెరాని మాత్రం నమ్మకండి

ఇంట్లో రీఫ్ అక్వేరియం ఉన్నవాళ్లు కోరల్స్‌కి ప్లాంక్టన్‌ని బాటిల్‌లో కొని పోస్తారు. మన గుడివాడ వైపు చేపల చెరువుల్లో అది నీళ్లలోనే పెరుగుతుంది. బొచ్చెలకి అదే మేత. కానీ శృతి మించితే అదే ప్రమాదం. అందులోని సూక్ష్మ నాచు పగలు ఎండలో ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తిరిగి వాడేసుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి.

నీళ్ల రంగు ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే సరిపోతుందా? సరిపోదు. ఆటో వైట్ బ్యాలెన్స్ వల్ల ఒకే చెరువు పొద్దున ఒక రంగులో, మధ్యాహ్నం ఇంకో రంగులో కనిపిస్తుంది.

దీనికి బెస్ట్ గాడ్జెట్ 1865 నాటిది, ఇటలీ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కీ వాడిన డిస్క్. ఛార్జింగ్ అక్కర్లేదు, ఇంట్లోనే చేసుకోవచ్చు.

1. 20 సెం.మీ. గుండ్రటి ప్లేటుని నాలుగు భాగాలు చేసి, ఒకటి విడిచి ఒకటి నలుపు, తెలుపు రంగులు వేయండి.
2. కింద బరువు, పైన సెంటీమీటర్ల గుర్తులున్న తాడు కట్టండి.
3. మధ్యాహ్నం నీళ్లలోకి దించండి. మాయమైన లోతు, పైకి లాగితే మళ్లీ కనిపించిన లోతు, రెండిటి సగటే మీ రీడింగ్.

30-40 సెం.మీ. ఉంటే బాగున్నట్టే. 20 లోపు వస్తే చెరువుకి ఎరువు ఆపి, రాత్రి ఏరేటర్లు తిప్పండి. నీళ్లు బురదగా ఉంటే మాత్రం ఈ లెక్క పనిచేయదు.

రీడింగ్‌లని రోజూ ఫోన్‌లో నోట్ చేయండి. ఫోన్‌కి ఇక్కడ అసలు పని అదే!